గీలా నది ఒడ్డున బంగారం దొరుకుతుందా? నది ఇసుకలో కాదు, పక్క వంకల్లో చూడండి

మీ ప్రశ్న చూశాను. అరిజోనాలోని ఫీనిక్స్‌కి కొత్తగా వచ్చామన్నారు. యూమా వైపు గీలా నది ఒడ్డున 1858లో బంగారం బయటపడిందని విన్నామని, ఈ చలికాలం పిల్లల్ని తీసుకెళ్ళి నది ఇసుక గాలిస్తే ఏమైనా దొరుకుతుందా అని, అప్పటి గీలా సిటీ ఊరు ఇంకా ఉందా అని అడిగారు.

నేను ఫీనిక్స్ పక్కనే చాండ్లర్‌లో ఉంటాను. నాలుగు చలికాలాలుగా నెలకో శనివారం ఆ వైపే వెళ్తున్నాను. సూటిగా చెప్పాలంటే బంగారం ఉంది, ఇప్పటికీ దొరుకుతుంది. కానీ నది ఇసుకలో వెతికితే రోజంతా వృథా. ఊరు మాత్రం పూర్తిగా పోయింది. ఈ రెండింటి వెనకా ఉన్నది నీళ్ళ కథే, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

మొదటిసారి నేనూ మీలాగే అనుకున్నాను. నది ఒడ్డున బంగారం అన్నారు కాబట్టి నదిలోనే ఉంటుందని నమ్మాను. ఫీనిక్స్ నుంచి మూడు గంటలు బండి నడిపి, యూమాకి తూర్పున 20 మైళ్ళ దూరంలో డోమ్ అనే చోట దిగాను. అక్కడ నది అంటే మనం కృష్ణనో తుంగభద్రనో ఊహించుకోకూడదు. న్యూ మెక్సికో కొండల్లో పుట్టి దాదాపు 650 మైళ్ళు పారే పెద్ద నదే. కానీ పైన డ్యాములు కట్టి, నీళ్ళు పొలాలకు మళ్ళించాక ఈ చివరి భాగంలో ఇసుక, సరుగుడు ఆకులాంటి ఆకుండే టామరిస్క్ పొదలు, అక్కడక్కడ పొలాల నుంచి దిగిన నీటి చెలమలు తప్ప చాలాకాలం ఏమీ ఉండదు. ఆ చెలమ పక్కన కూర్చుని సాయంత్రం దాకా ఇసుక గాలించాను. పళ్ళెం నిండా తళుకులే. ఫోటోలు తీసి ఇంటికి పంపాను. మర్నాడు పొద్దున ఆ తళుకులన్నీ అభ్రకమని తేలింది. మన ఊళ్ళలో కాకిబంగారం అంటామే, అదే.

తేడా చెప్పింది ఆ పక్కనే డేరా వేసుకున్న ఒక పెద్దాయన. నలభై ఏళ్ళుగా ఈ ఎడారిలో బంగారం ఏరుతున్న మనిషి. నా పళ్ళేన్ని తన టోపీ నీడలోకి లాగి చూపించాడు. ఎండలో మెరిసినవన్నీ నీడలోకి రాగానే ఆరిపోయాయి. తర్వాత తన సీసా తీసి అదే నీడలో పెట్టాడు. అందులోని రేణువులు ఎండలో ఎలా ఉన్నాయో నీడలోనూ అలాగే పచ్చగా ఉన్నాయి. పిల్లలకు మీరు మొదట నేర్పాల్సింది ఈ పరీక్షే. సూది మొనతో నొక్కితే అభ్రకం పొరలుగా చిట్లుతుంది, బంగారం సొట్టపడుతుంది.

ఆయన ఇంకో మాట కూడా అన్నాడు. నదికి వీపు పెట్టి కొండ వైపు చూడమన్నాడు. దక్షిణాన గీలా కొండలు, వాటి నుంచి నది దాకా దిగే ఎండు వంకలు. అసలు నిక్షేపం అక్కడుంది.

మాది ధర్మవరం దగ్గర పల్లె. రామగిరి బంగారు గనుల గురించి వింటూ పెరిగాను కాబట్టి నాకు ఆ పోలికతోనే బాగా అర్థమైంది. రామగిరిలో బంగారం తెల్లటి పలుగురాతి చారల్లో ఇరుక్కుని ఉంటుంది. లోతుగా గోతులు తవ్వి, బండ పగలగొట్టి, పొడి చేసి తీయాలి. గీలా కొండల్లో కూడా బంగారం పుట్టింది అలాంటి పలుగురాతి చారల్లోనే. అయితే ఇక్కడ ఆ పగలగొట్టే పని ఎండా వానా లక్షల ఏళ్ళు చేసిపెట్టాయి. బండ ఛిద్రమై రేణువులు విడిపోయాయి. ఎప్పుడో ఏడాదికి ఒకటో రెండో పెద్ద వానలు పడినప్పుడు వంకలు పొంగి ఆ రేణువుల్ని గరుసుతో కలిపి కిందికి తోశాయి. దీన్నే ఒండ్రు బంగారం అంటారు.

బంగారం నీటికన్నా 19 రెట్లు పైగా బరువు. పలుగురాయి రెండున్నర రెట్లే. కాబట్టి వంకలో నీటి ఉరవడి కాస్త తగ్గిందంటే చాలు, ఇసుక ముందుకి పోతుంది, బంగారం ఆగిపోతుంది. వంక మలుపు తిరిగే చోట లోపలి వైపు, పెద్ద గుండ్ల వెనక, అడుగు బండ పగుళ్ళలో దిగబడుతుంది. ఈ ఎడారిలో ఇంకో విశేషం ఉంది. నేలలో సున్నం పేరుకుని సిమెంటు గచ్చులాంటి పొర తయారవుతుంది, ఇక్కడివాళ్ళు కలీచీ అంటారు. బంగారం చాలాచోట్ల అడుగు బండ దాకా దిగకుండా ఈ గచ్చు మీదే ఆగుతుంది. నాకు దొరికినదాంట్లో సగానికి పైగా ఆ గచ్చు మీద చీపురుతో ఊడ్చిన మట్టిలోంచి వచ్చిందే. వంకలు దాటి అసలు నదిలోకి చేరేది మాత్రం పిండిలాంటి సన్నటి రేణువులు. 650 మైళ్ళ నుంచి వచ్చిన ఇసుకలో అవి కలిసిపోతే పళ్ళెంతో ఏం పట్టుకుంటాం?

ఇప్పుడు ఊరి సంగతి. 1858లో ఇక్కడ బంగారం కనిపెట్టింది జేకబ్ స్నైవ్లీ. అంతకు ముందు టెక్సాస్ రిపబ్లిక్‌లో పనిచేసిన మనిషి. అప్పటికి అరిజోనా అనే టెరిటరీ (ఇంకా రాష్ట్రం కాని ప్రాంతం) లేదు, ఇదంతా న్యూ మెక్సికో టెరిటరీ. గీలాకి దక్షిణాన ఉన్న ఈ నేలను అమెరికా మెక్సికో నుంచి కొని నాలుగేళ్ళే అయింది. అదే ఏడాది బటర్‌ఫీల్డ్ కంపెనీ గుర్రపు బళ్ళు గీలా పక్కదారినే కాలిఫోర్నియాకి టపా మోయడం మొదలుపెట్టాయి. దారి సిద్ధంగా ఉంది, కబురు పాకింది, జనం దిగారు. అరిజోనాలో మొదటి పెద్ద బంగారు పరుగు ఇదే. 1861 నాటికి ఊళ్ళో 1200 మంది దాకా ఉన్నారంటారు.

ఆ రోజుల్లో ఇక్కడికొచ్చిన సిల్వెస్టర్ మౌరీ అనే మాజీ సైనికాధికారి, చెయ్యి తిరగనివాడు ఎనిమిది పారల మట్టి కడిగితే 20 డాలర్లకు పైగా బంగారం రావడం తాను చూశానని రాశాడు. అప్పటి ధర ఔన్సు 20.67 డాలర్లు. అంటే ఎనిమిది పారల్లో దాదాపు 30 గ్రాములు, మన లెక్కలో రెండున్నర తులాల పైమాట. మౌరీ అరిజోనాకి జనం రావాలని గట్టిగా ప్రచారం చేసిన మనిషి, తర్వాత సొంతంగా గని కూడా కొన్నాడు. కాబట్టి నేను ఆ లెక్కను రోజువారీ రాబడిగా తీసుకోను, మంచి గుంట ఒకటి తగిలిన రోజు లెక్కగా తీసుకుంటాను. అయినా పైపొర ఎంత సారవంతంగా ఉండేదో దాన్నిబట్టి తెలుస్తుంది.

వాళ్ళ కష్టమంతా నీళ్ళతోనే. బంగారమేమో కొండ వంకల్లో, నీళ్ళేమో కింద నదిలో. మట్టిని మోసుకుని నదికి దిగాలి, లేదా నీళ్ళు మోసుకుని వంకకి ఎక్కాలి. అనంతపురాన్ని మనం కరువు జిల్లా అంటాం. అక్కడైనా ఏడాదికి 55 సెంటీమీటర్ల వాన పడుతుంది. యూమాలో పడేది 8 సెంటీమీటర్లు. ఆ వానని నమ్ముకుని వంకలో మట్టి కడగలేరు.

దీనికి దారి చూపింది మెక్సికోలోని సొనోరా రాష్ట్రం నుంచి వచ్చిన గనివాళ్ళు. వాళ్ళు నీళ్ళు లేకుండా, గాలితో బంగారం తీసేవాళ్ళు. ఎండిన మట్టిని జల్లించి, దుప్పట్లో పోసి, ఇద్దరు చెరో వైపు పట్టుకుని గాలికి ఎగరేస్తే తేలికది కొట్టుకుపోయి బరువైనది దుప్పట్లో మిగులుతుంది. మొదటిసారి ఆ పద్ధతి విన్నప్పుడు నాకు మా అవ్వ కళ్ళముందు కనబడింది. కల్లంలో శనక్కాయలు తూర్పారబట్టడం, ఇంట్లో చాటతో బియ్యం చెరగడం, ఆ తర్వాత నీళ్ళలో బియ్యం గాలించి రాళ్ళు అడుగున వదిలేయడం. ఎడారి బంగారం పనంతా ఆ రెండే. ముందు చెరగాలి, చివర గాలించాలి. గాలించడం అనే మాట మన భాషలో పోలీసుల వెతుకులాటకి ఎక్కువగా వాడుతున్నాం కానీ అసలు అర్థంలో ఆ పని చేసిన చేతులు మన ఇళ్ళల్లో ఇంకా ఉన్నాయి. మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు పళ్ళెం ఆమె చేతికిచ్చాను. నాకు ఆర్నెల్లు పట్టిన మణికట్టు తిప్పడం ఆమెకు మొదటి పళ్ళెంలోనే వచ్చేసింది.

1862 జనవరిలో గీలాకి పెద్ద వరద వచ్చింది. ఆ చలికాలం కాలిఫోర్నియా నుంచి అరిజోనా దాకా ఊళ్ళకు ఊళ్ళే మునిగాయి. నీళ్ళ కోసం నది పక్కనే కట్టుకున్న గీలా సిటీ ఆ వరదలో కొట్టుకుపోయింది. పైపొరలో సులువుగా దొరికే బంగారం అప్పటికే తగ్గిపోయింది కాబట్టి తిరిగి కట్టే ఓపిక ఎవరికీ లేకపోయింది. రెండేళ్ళ తర్వాత ఆ దారిన వెళ్ళినవాళ్ళకు మొండి పొగగొట్టాలు తప్ప ఊరు కనబడలేదు.

సరిగ్గా ఆ నెలలోనే ఉత్తరాన కొలరాడో నది పక్కన పాలీన్ వీవర్ అనే వేటగాడి బృందం వంకల్లో బంగారం చూసింది. జనం అటు తరలిపోయి లా పాజ్ అనే ఊరు కట్టారు. కొలరాడోలో ఆవిరి పడవలు సరుకులు తెచ్చేవి. 1864లో యూమా కౌంటీకి (మన జిల్లా లాంటిది) అదే ముఖ్యపట్టణమైంది. కొన్నేళ్ళకి నది తన దారి మార్చుకుని పడమటికి జరిగింది. రేవు ఊరికి రేవు లేకుండా పోయింది. వ్యాపారులు కింద ఎరెన్‌బర్గ్‌కి మారారు, కౌంటీ కచేరీ యూమాకి వెళ్ళిపోయింది. ఒక ఊరి మీదికి నది వచ్చింది, ఇంకో ఊరిని వదిలి నది వెళ్ళింది. రెండు చోట్లా ఇప్పుడు గోడ లేదు.

లా పాజ్ గురించి ఒక హెచ్చరిక. ఆ పాత ఊరి చోటు ఇప్పుడు కొలరాడో రివర్ ఇండియన్ ట్రైబ్స్ రిజర్వేషన్‌లో ఉంది. రిజర్వేషన్ అంటే అమెరికా ఆదివాసీ జాతులకు కేటాయించిన నేల. 1865లో ఏర్పడింది ఇది. మొహావి, చెమెవేవి జాతుల వాళ్ళ నేల. వాళ్ళ అనుమతి లేకుండా అక్కడ పార పెట్టకండి. బంగారం కోసం వచ్చిన గుంపుల వల్ల ఎక్కువ నష్టపోయింది ఈ నది ఒడ్డు జాతులే. ఆ చరిత్ర తెలిసి కూడా మనం అడగకుండా తవ్వడం నాకు తప్పనిపిస్తుంది.

ఇక మీరు ఏం చేయాలి. ప్రభుత్వ బహిరంగ భూమిలో, అంటే బీఎల్ఎం (బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్) చూసుకునే భూమిలో, ఎవరి క్లెయిమూ (ఖనిజం తవ్వుకునేందుకు నమోదు చేసుకున్న హక్కు) లేని చోట చేతి పనిముట్లతో సరదాకి వెతుక్కోవచ్చు. డోమ్ చుట్టూ చాలా వంకల మీద ఇప్పటికీ క్లెయిములు ఉన్నాయి. బీఎల్ఎం వెబ్‌సైట్ మ్యాపులో చూసుకుని, యూమా ఆఫీసుకి ఫోన్ చేసి అడిగి వెళ్ళండి. రెండో ట్రిప్పులో నేను చూసుకోకుండా ఒకరి క్లెయిములోకి వెళ్ళాను. ఆయన వచ్చి హద్దు కొయ్యలు చూపించి మర్యాదగానే పంపేశాడు, కానీ అన్ని బకెట్ల మట్టీ మళ్ళీ గుంటలో పోసి రావాల్సి వచ్చింది. సులువైన దారి ఏంటంటే ఫీనిక్స్‌లోనో యూమాలోనో బంగారం వెతికేవాళ్ళ క్లబ్బులో చేరడం. వాళ్ళకు సొంత క్లెయిములుంటాయి, సభ్యులు అక్కడ తవ్వుకోవచ్చు, పైగా పక్కన నేర్పేవాళ్ళుంటారు. సొంతంగా క్లెయిము వేయాలన్న ఆలోచన మనవాళ్ళలో కొందరికి వస్తుంది. 1872 గనుల చట్టం ప్రకారం అది అమెరికా పౌరులకు, లేదా పౌరసత్వానికి చట్టప్రకారం సంకల్పం ప్రకటించినవాళ్ళకు మాత్రమే. హెచ్1బీ మీద ఉంటే ఆ జోలికి పోకండి. దొరికినది అమ్మాలనుకున్నా ముందు లాయర్ని అడగండి.

గీలా కొండల దక్షిణ భాగం సైన్యం బాంబింగ్ రేంజ్‌లోకి వస్తుంది, ఉత్తరాన సైన్యం ఆయుధాలు పరీక్షించే యూమా ప్రూవింగ్ గ్రౌండ్ ఉంది. హద్దు బోర్డులు దాటకండి. ఇనుప ముక్క ఏదైనా కనబడితే ముట్టుకోవద్దని పిల్లలకి ముందే చెప్పండి. పాత గని గోతుల దగ్గరికి అసలు పంపకండి. వందేళ్ళు దాటిన సీసాలు, డబ్బాలు, పనిముట్లు కనబడితే చూసి అక్కడే వదిలేయాలి, ఇంటికి తేవడం నేరం.

చెరిగే యంత్రాన్ని డ్రై వాషర్ అంటారు. కంసాలి కొలిమి తిత్తి చూశారుగా, సూత్రం అదే. పైన జల్లెడ, కింద ఏటవాలు పలక, పలక అడుగున గుడ్డ, గుడ్డ మీద అడ్డ పట్టీలు. కింద తిత్తి ఆడుతుంటే గుడ్డలోంచి గాలి తన్నుతుంది, తేలిక ఇసుక పట్టీలు ఎక్కి దిగి కిందికి జారిపోతుంది. బంగారం, దాంతోపాటు నల్లిసుక (ఇనుము కలిసిన బరువైన నల్ల ఇసుక), పట్టీల వెనక ఆగుతాయి. మట్టి ఎముకలా ఎండి ఉండాలి. గుప్పిట్లో పట్టి పిసికితే ఉండ కడితే ఆ రోజు పని జరగదు. మొదట్లో దీన్ని కొనకండి, క్లబ్బులో ఎవరిదైనా అడిగి చూడండి. ఒక తొట్టెలో 20 లీటర్ల నీళ్ళు, రెండు పళ్ళేలు, జల్లెడ, చిన్న పార, పెయింటు బ్రష్షు, అయస్కాంతం ఉంటే పిల్లలతో మొదటి రోజుకి చాలు. తొట్టె నీళ్ళలో గిన్నెలు తోమే సబ్బు ఒక చుక్క వేయండి, సన్నటి బంగారం నీటిమీద తేలిపోకుండా ఉంటుంది. నల్లిసుకని పూర్తిగా ఎండబెట్టాక అయస్కాంతంతో తీసేయండి.

ఎక్కడ తవ్వాలో తెలియకపోతే పాతవాళ్ళ కుప్పలు వెతకండి. వంక గట్ల మీద జల్లెడ పట్టి పోసిన గులకరాళ్ళ చిన్న చిన్న కుప్పలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. వాన లేని చోట అవి చెదరవు. అంత ఎండలో ఒక మనిషి అన్నిసార్లు జల్లెడ పట్టాడంటే అక్కడ ఏదో కనబడే పట్టాడు. అలాంటి కుప్పల మధ్య, వాళ్ళు వదిలేసిన గచ్చు పగుళ్ళలో, నాకు దొరికిన అతి పెద్ద ముక్క కందిగింజలో సగం ఉంది.

దుమ్ము గురించి మాత్రం గట్టిగా చెప్తున్నాను. దక్షిణ అరిజోనా మట్టిలో వ్యాలీ ఫీవర్ తెచ్చే బూజు ఉంటుంది. దుమ్ముతోపాటు పీలిస్తే ఊపిరితిత్తులకి పడుతుంది. రెండో చలికాలం నాకు వచ్చింది. మొదట మామూలు జలుబనుకుని చూపించిన క్లినిక్‌లో దగ్గు మందు ఇచ్చి పంపారు. ఎడారిలో మట్టి జల్లిస్తానని వాళ్ళతో నేనూ చెప్పలేదు, వాళ్ళూ అడగలేదు. మూడు వారాల తర్వాత రక్తపరీక్షలో తేలింది, రెండు నెలలు నీరసంతో లేవలేకపోయాను. డ్రై వాషర్ ఆడేటప్పుడు ఎన్95 మాస్కు పెట్టుకోండి, గాలికి దుమ్ము కొట్టుకొచ్చే వైపు నిలబడకండి, పిల్లల్ని ఆ దరిదాపులకి రానివ్వకండి. వాళ్ళకి నీళ్ళ తొట్టె పని ఇవ్వండి. తర్వాత దగ్గు, జ్వరం వారం దాటితే డాక్టరుకి ఎడారి మట్టిలో పనిచేశామని మీరే చెప్పండి.

నవంబరు నుంచి మార్చి లోపే వెళ్ళండి. మనిషికి రోజుకి నాలుగు లీటర్ల నీళ్ళు, పైన ఇంకో క్యాను. వంకల్లో ఫోన్ సిగ్నల్ నమ్ముకోవద్దు, ఎక్కడికెళ్తున్నారో ఇంట్లో ఎవరికైనా చెప్పి వెళ్ళండి. కొండల మీద మబ్బు కనబడితే వంకలోంచి వెంటనే గట్టెక్కండి. మీ నెత్తిన చుక్క పడకపోయినా పైనుంచి నీళ్ళు వచ్చేస్తాయి.

రాబడి ఎంత అని కూడా మీ మనసులో ఉండే ఉంటుంది. నాలుగేళ్ళలో నాకు వచ్చింది మూడు గ్రాములకు కాస్త తక్కువ. పెట్రోలు ఖర్చు అంతకన్నా ఎక్కువే అయింది. మా పాపకి ముక్కుపుడక చేయించాలని దాన్ని సీసాలో దాచాను, కరిగించడానికి ఆమే ఒప్పుకోవడం లేదు.

వెళ్ళేముందు వారం పది రోజుల్లో యూమాలో వాన పడిందేమో చూసుకోండి. పడి ఉంటే చెరిగే పని మానేసి, హైవే 95 మీద మెక్‌ఫాల్ వంతెన దగ్గర ఆగండి. 1929లో గీలా మీద కట్టిన వేలాడే వంతెన అది. ఇప్పుడు బళ్ళు పోవు, దాని కింద నదీ పారదు. అక్కడ నిలబడి దక్షిణానికి చూస్తే కొండలు, వంకలు, గీలా సిటీ ఉండిన ఒడ్డు అంతా ఒక్క చూపులో పడుతుంది. పిల్లల వయసెంతో రాస్తే వాళ్ళకి సరిపోయే క్లబ్బు రోజు ఏదో చెప్తాను.